అవ్వ పిడికిలి

నా బిడ్డ స్కూలు బస్సు ఇంకా రాలేదు. పక్కనే ఇస్త్రీ బండి మీద రాజుకుంటున్న బొగ్గుల వాసనకు మా నాన్నమ్మ గుర్తొచ్చింది. అవ్వ అనేదాన్ని.

గోదావరిఖనిలో నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. షిఫ్టు అయిపోయిన సైరన్ మోగగానే అవ్వ గడప మీద కూర్చుని, కుడిచేతి పిడికిలి కొంగులో దాచుకునేది. అందులో బెల్లం ఉందని, అది తమ్ముడికేనని నా అనుమానం.

“చేతుల ఏందే అవ్వా?”

“ఏం లేదు బిడ్డా. దేవునికి మొక్కుతున్న, జర ఆగు.”

పువ్వు లేదు, దీపం లేదు, ఇదేం మొక్కు? నా అనుమానం ఇంకా ముదిరింది.

ఒకరోజు వాడకట్టులో అందరూ ఇళ్లు చేరినా నాన్న రాలేదు. అవ్వ మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను ఆ కొంగు మీంచి చూపు తిప్పలేదు. పొద్దుగూకే వేళకు, పంక్చరైన సైకిల్ నడిపించుకుంటూ నాన్న సందు మొదట్లో కనిపించాడు.

“అగో, మీ బాపు అచ్చిండు!”

అవ్వ పిడికిలి విప్పింది. ఒక్క దుముకు దూకి ఆ చెయ్యి పట్టుకున్నాను. అరచేతిలో గోళ్లు దిగిన ఎర్రటి గుర్తులు తప్ప ఏమీ లేవు.

బస్సు మలుపు తిరిగింది. నా పిడికిలి అప్పుడు విడింది.

మొక్కడం నాకు రాదనుకున్నాను, ఇన్నాళ్లూ.