పావురం కోసం పోయిన పొద్దు

2016లో జరిగింది. మాది నరసన్నపేట దగ్గర పల్లె. బడికి పోకుండానే పేపరు చదవడం నేర్చుకున్నవాణ్ని, మూఢనమ్మకాలంటే మండిపడేవాణ్ని. ఆ ఉదయం ఆరింటికి నా భార్య సూరమ్మ అంబలి గిన్నె అందుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. మూతి వంకర పోయింది, మాట ముద్దయింది.

"పచ్చవాతం బావా. పావురం రగతం రాసి గుడ్డ సుడితే దిగిపోతాది. ఆస్పత్రికెల్తే సూదులు పొడిసి సంపేస్తారు," అన్నాడు నా బావమరిది. నేను కాదనలేదు. భయంతో బుర్ర పనిచేయలేదు. పావురం కోసం నేనే సైకిలు మీద మూడు ఊళ్లు తిరిగాను. రక్తం రాసి మధ్యాహ్నం దాకా ఎదురుచూశాం. చెయ్యి కదలకపోయేసరికి అప్పుడు బండి మాట్లాడాం.

విశాఖ ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. నర్సు ఆ రక్తం తుడుస్తూ గాయం కోసం వెతికింది.

"గాయం నేదమ్మా, అది పావురానిది," అన్నాను.

డాక్టరు స్కాను ఫిల్ము వెలుతురుకి పెట్టి చూశాడు. "తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం మెదడు దాకా పంపి, అడ్డుపడిన రక్తపు గడ్డను బయటికి లాగేసేవాళ్లం తాతా. కానీ అందుకు చెయ్యి పడిపోయిన ఆరు గంటల్లోపు తేవాల్సింది. ఇప్పుడు మెదడులో ఆ భాగం చచ్చిపోయింది," అన్నాడు.

సూరమ్మ అంతా వింటూనే ఉంది. ఎడమచేత్తో నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

తర్వాత రెండేళ్లు బతికింది గాని ఒక్క మాట రాలేదు. మా ఊళ్లో గోడగోడకీ పురుగుమందుల ప్రకటనలే. ఈ ఆరు గంటల సంగతి ఒక్క గోడ మీదైనా ఎవరూ రాయలేదు. అందుకు అందరినీ తిట్టాను. ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడు మాత్రం నాకూ మాట వచ్చేది కాదు.