పొట్టకు కుట్టిన చెయ్యి

గుండె కండను ప్రయోగశాలలో పెంచుతున్నారనీ, అందులోకి రక్తనాళాలు పెరిగేలా చేయడమే అన్నిటికన్నా కష్టమనీ మొన్న మా అమ్మాయి ఫోన్లో చెప్పింది. నాకు మా అత్తమ్మ గుర్తొచ్చింది.

ఎనభైల మొదట్లో మట్టెవాడలో మాకు పిండిగిర్నీ ఉండేది. నా పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. ఒకరోజు గిర్నీ బెల్టులో నా కుడిచెయ్యి చిక్కుకుంది. ఎముకలు విరగలేదు గానీ చేతి వెనక చర్మమంతా ఊడిపోయింది. పెద్ద దవాఖానలో డాక్టరుగారు నా పొట్ట మీది చర్మాన్ని మూడు వైపులా విడదీసి, నాలుగో వైపు పొట్టకే వదిలేసి, దాన్ని తెచ్చి చేతి మీద కప్పి కుట్టారు. ఇక కొన్నాళ్లు చెయ్యి పొట్టకు అతుక్కునే ఉండాలి.

అత్తమ్మ నాకు తోడుగా ఉంది. అప్పటిదాకా ఆమె నాతో పనికి అవసరమైన మాట తప్ప ఇంకో మాట మాట్లాడేది కాదు. నాకూ ఆమె అంటే భయమే.

“ఆ తోలుకు నెత్తురు ఏడికెళ్లి వస్తది సారూ?” అని అడిగింది.

“ఇప్పుడైతే పొట్ట నుంచే అమ్మా. మెల్లగ చేతిలోంచి సన్న రక్తనాళాలు దాంట్లోకి పెరుగుతయ్. అవి పెరిగినంక పొట్ట దగ్గర కోసేస్తం. అప్పటిదాంక చెయ్యి కదలొద్దు” అంటూ ఆయన ఆ చర్మాన్ని వేలితో నొక్కి చూపించారు. నొక్కినచోట తెల్లబడి, వేలు తీయగానే ఎర్రబడితే నెత్తురు ఆడుతున్నట్టు.

ఇక అత్తమ్మకు అదే పని. సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, మెల్లగా వేలు ఆనించి, ఊపిరి బిగబట్టి చూసేది. “వచ్చింది” అని తనలో తనే అనుకునేది. నాకు అన్నం కలిపి పెట్టేది, జడ వేసేది. మొదటిసారి ఒళ్లు తుడుస్తున్నప్పుడు నేను మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాను.

“సిగ్గెందుకే పిల్లా? నీ మొగన్ని గిట్లనే కడిగి పెంచిన” అంది.

ఏడుపులోనే నవ్వొచ్చింది. కుట్లు కదులుతాయని ఆమె గాభరాగా నా మోచెయ్యి పట్టుకుంది. “జర ఆగు, నవ్వకు!” అంటూ తనూ నవ్వేసింది.

మూడు వారాలయ్యాక డాక్టరుగారు పొట్టవైపు నుంచి రక్తం రాకుండా కాసేపు బిగించి చూశారు. చర్మం నల్లబారింది. రక్తనాళాలు ఇంకా సరిపడా పెరగలేదు, ఆగుదాం అన్నారు. ఆ పూట అత్తమ్మ తన టిఫిన్ గిన్నె మూత తీయలేదు.

“ఫికర్ చెయ్యకు అత్తమ్మా” అన్నాను.

“నాకేం ఫికర్?” అంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

తర్వాతి వారం మళ్లీ బిగించారు. డాక్టరుగారు ఏమీ అనకముందే అత్తమ్మ నొక్కి చూసింది.

“వచ్చింది సారూ! ఎర్రగనే ఉన్నది, సూడుండ్రి!”

వార్డంతా మావైపు తిరిగింది. మర్నాడు పొట్ట నుంచి చెయ్యి విడదీశారు.

వేళ్లు పూర్తిగా ముడుచుకోవు గానీ ఇంటి పనులన్నీ చేసుకోగలిగాను. తర్వాత కడుపుతో ఉన్నప్పుడు నాకు బాగా ఒళ్లొచ్చింది. చేతి మీదున్నదీ కొవ్వు పట్టే పొట్ట చర్మమే కదా, అదీ ఉబ్బింది. అత్తమ్మ ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని నిమిరి, “చెయ్యి గూడ నీళ్లోసుకున్నదే!” అంటూ ఇరుగుపొరుగు వాళ్లను పిలిచి మరీ చూపించింది.