కెప్టెన్ పట్టీ

షరీఫ్ భాయ్ రఫూ చేశాడంటే చిరుగు ఎక్కడుండేదో బట్ట సొంతదారుకు కూడా దొరకదు. కడప మనిషి. మస్కట్ శివార్లలోని మబేలాలో మా ఇద్దరిదీ ఒకటే షాపు, ఆయనది కుట్టుపని, నాది ఇస్త్రీ. చేతిలో అంత పనితనం ఉందా, నోట్లో మాత్రం ఒకటే పాత పాట. "రువీలో కంపెనీవోళ్లు నన్ను కటింగ్ మాస్టర్‌ను చేసి, రెండు నెల్లకే దించేసినారు రఘూ!" పన్నెండేళ్లుగా ప్రతి రంజాన్‌కూ వింటున్నాను. చెవులు చిల్లులు పడ్డాయి.

పోయిన నవంబర్‌లో కోల్మన్ సాబ్ తన నేవీ కోటు తెచ్చాడు. పద్దెనిమిదో ఏట ఇంగ్లండ్ నేవీలో చేరి, ముప్పై ఏళ్లు ఓడల మీద తిరిగి, ఇక్కడి నావికులకు పని నేర్పడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్దాయన. కోటు నడుము దగ్గర వదులు చేయాలి. మర్నాడు పొద్దున మస్కట్‌లో, చనిపోయిన తోటివాళ్లను తలుచుకునే సభ ఉందట. పాత ఓడవాళ్లంతా వస్తారట.

నడుము పని గంటలో అయిపోయింది. అప్పుడు భాయ్ కళ్లు కోటు చేతుల మీద పడ్డాయి. ఒక్కోదానికి మూడు బంగారు జరీ పట్టీలు. వాటి కింద ఇంకో పట్టీ ఉండాల్సిన చోట సూది గుర్తులు మాత్రం ఉన్నాయి.

"ఊడిపోయినట్టుంది. పెద్దాయన చూసుకోలేదు, పాపం."

"ఒకపారి ఫోన్ చేసి అడుగరాదు భాయ్?" అన్నాను.

"అడిగేదేముంది? గుర్తులు కనపడ్తాండాయి కదప్పా!"

ఆయన అలవాటే అంత. ఊడింది కనిపిస్తే ఎవరూ చెప్పకుండానే కుట్టేస్తాడు. ఎప్పటినుంచో డబ్బాలో దాచుకున్న జరీ తీసి రెండు చేతులకూ కుట్టాడు.

పొద్దున ఏడింటికి వచ్చిన సాబ్ కోటు చూసి తెల్లబోయాడు. "ఇది కెప్టెన్ పట్టీ. నేను కెప్టెన్‌ను కాదు," అన్నాడు, తనకొచ్చిన హిందీలో. "మా కెప్టెన్ జబ్బుపడితే ఏడు నెలలు నాకిచ్చారు. ఆయన తిరిగొచ్చాక తీసేశారు. ఇది వేసుకుని ఇవాళ వాళ్ల ముందు ఎట్లా నిలబడతాను?"

అడుగు అంటే విన్నాడా! నాకు ఒళ్లు మండింది. కానీ భాయ్ ముఖం చూస్తే జాలేసింది.

"మాఫ్ చేయండి సాబ్. పది నిమిషాల్లో విప్పేస్తా. ఆ గుర్తులు కూడా లేకుండా రఫూ చేస్తా. ఎవరికీ తెలీదు."

సాబ్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "గుర్తులు ఉండనీ. ఆ ఏడు నెలలు నా ఓడలో నూట ఎనభై మంది. అందరినీ ఇంటికి చేర్చాను."

భాయ్ కుట్లు ఒక్కొక్కటే విప్పాడు. గుర్తుల జోలికి పోలేదు. నేను ఇస్త్రీ చేసి ఇస్తే, సాబ్ అక్కడే తొడుక్కుని వెళ్లాడు.

ఈ రంజాన్‌కు భాయ్ మళ్లీ రువీ కథ ఎత్తుకున్నాడు. ఇక దించేసిన సంగతి వస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

"ఆ రెండు నెల్లలో నూటపది సూట్లు కత్తిరించినా రఘూ," అన్నాడు. "ఒక్కటి కూడా వాపస్ రాలేదు."