అవ్వ తెచ్చిన పలుగురాయి

ఉప్పులో ఊరేసిన నిమ్మకాయలు పైకి తేలకుండా మా జాడీలో పెట్టే పలుగురాయి ఒకటుంది. పిడికెడంత ఉంటుంది, పాలంత తెలుపు. రామగిరి బంగారు గనిలో రాళ్లు ఏరే పని చేసిన మా అవ్వ తెచ్చింది. అది గనిలో కాజేసిన బంగారు రాయని మా వీధిలో ఎవరో అన్న మాట అమ్మను ఇన్నేళ్లూ ముల్లులా గుచ్చుతూనే ఉంది. కాళ్లాడే రోజుల్లోనే ఆ మాట తేల్చుకుందామని, మొన్న శనివారం రాయిని సంచిలో వేసుకుని నన్ను బయల్దేరదీసింది.

ధర్మవరంలో ఏడింటి బస్సెక్కి చెన్నేకొత్తపల్లిలో దిగాం. అక్కణ్ణుంచి రామగిరికి ఆటో, రానూపోనూ నాలుగొందలు. "ఏమప్పా, గనిలో ఇంకా బంగారం ఉండాదా?" అని అమ్మ అడిగితే డ్రైవరు నవ్వాడు. "ఉంటే నేను ఆటో ఎందుకు తోల్తానమ్మా!" వాడిపోయిన వేరుశనగ చేలు దాటాక మొండిగోడలు, రాయి పిండి చేసి పారబోసిన మన్నుగుట్టలు కనిపించాయి. అమ్మ ఒక గోడ దగ్గర ఆగిపోయింది. "ఈడికే మాయమ్మకు సద్ది తెస్తాంటి" అంది.

అవ్వతో కలిసి పనిచేసిన లక్ష్మమ్మ ఆ ఊళ్లోనే ఉంది. రాయి చేతికిస్తే ముందు చెంబుతో నీళ్లు తెమ్మంది. "పొడిరాయి నిజం చెప్పదప్పా." గనిలోంచి పైకొచ్చిన రాళ్లను నీళ్లు కొట్టి కడిగితే, వరసగా కూర్చున్న ఆడవాళ్లు ఒక్కోటీ తిప్పి చూసి బంగారం ఉండే మంచివి ఒకవైపు, పనికిరానివి ఒకవైపు వేసేవాళ్లట. కరువు రోజుల్లో నీళ్లు రాకపోతే తాగడానికి తెచ్చుకున్నవే చల్లేవాళ్లట.

ఆమె రాయిని తడిపి ఎండలో తిప్పుతుంటే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మంచిరాయికి నల్లని చార ఉండల్ల. ఇది ఉత్త తెలుపు. పారేసేదే."

"పారేసేదా పెద్దమ్మా?" అంది అమ్మ.

"ఆ. ఊరగాయకని మేస్త్రీని అడిగి తీసుకునింది మీయమ్మ. పారేసే రాయికి గూడా అడుగుతావేమే అని మేమంతా నవ్వినాం."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంత నిక్కచ్చి మనిషి దొంగ అనిపించుకుని పోయిందే అని నాకు కోపం, బాధ రెండూ వచ్చాయి. రాళ్లను అంత ఓపికగా ఏరిన మనిషి మీద పడ్డ మాటను తిప్పి చూసినవాళ్లు లేకపోయారు.

మీరు వెళ్తే పాత గుంతల దగ్గరికి పోకండి. నీళ్లు మాత్రం రెండు సీసాలు ఎక్కువే పట్టుకెళ్లండి, అక్కడ రాళ్లు తడిపి చూస్తేగానీ తెలియవు. మేం నాలుగింటికల్లా ఇల్లు చేరాం. అమ్మ లోపలికి రాలేదు. వీధి కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నలుగురూ నిలబడి ఉంటే, వాళ్ల మధ్యలో కూర్చుని ఆ రాయిని కడిగింది.