క్రాంకుకు బొట్టు పెట్టిన ఏడాది

నాలుగు నెలలు నోరు విప్పని మా ఆయన, ఒకనాడు అన్నం కలుపుతూ కలుపుతూ అన్న మొదటి మాట "క్రాంకు పోయింది" అని. క్రాంకు అంటే ఏమిటో నాకు తెలియదు. కానీ ఆ మనిషి నోట మాట రావడమే మహాభాగ్యమనిపించి, "అయ్యో, ఎట్లా పోయింది?" అన్నాను, ఎవరో దూరపు చుట్టం గురించి అడిగినట్టు.

ఎనభైల చివర సంగతి ఇది. మాది దమ్మపేట దగ్గర పల్లె, మా చేను దాటితే అడవే. అంతకు ముందటి పంటలో పత్తిని పురుగు తినేసింది. ఎండాకాలం చివర్లో ఈయన నాన్న, మా మామయ్య పోయారు. దవాఖానాకు తీసుకెళ్లడంలో ఆలస్యం చేశానని ఈయన మనసులో పెట్టుకున్నారు. ఆ తర్వాత మంచం ఎక్కి గోడవైపు తిరిగారు. జ్వరం లేదు, నొప్పి లేదు, ఊరికే పడుకునేవారు. నేను పురుగుమందు డబ్బా తీసుకెళ్లి పక్కింట్లో దాచాను. ఆయన బావి వైపు నడిస్తే ఏదో పని కల్పించుకుని వెనకే నడిచేదాన్ని. పిల్లలిద్దరూ మధిరలో మా అమ్మ దగ్గర చదువుకుంటున్నారు. ఇంట్లో ఆయనా, నేనూ, నా భయమూ ఉండేవాళ్లం.

ఆ క్రాంకు మామయ్య మోటార్ సైకిల్‌ది. ఈయన పసివాడుగా ఉండగా కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి వలస వచ్చినప్పుడు ఆయన వెంట తెచ్చుకున్న ఇంగ్లండు సీమ బండి. ఎన్నో ఏళ్లుగా పశువుల కొట్టంలో వరిగడ్డి వెనక పడి ఉంది. ఆ రోజు ఈయన ఎందుకు లేచారో, ఎందుకు దాన్ని బయటికి లాగారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంతో సేపు కిక్కు కొడితే ఇంజను ఒక్కసారి అందుకుని, లోపల ఎవరో సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. సాయంత్రానికల్లా ఇంజను విప్పి గోనె మీద పరిచారు.

నన్ను పిలిచి క్రాంకు చూపించారు కూడా. రెండు బరువైన ఇనుప చక్రాలు, వాటి మధ్య బొటనవేలంత పిన్ను, దాని మీద తిరిగే రాడ్డు. పిన్నుకీ రాడ్డుకీ మధ్య చిన్న చిన్న రోలర్లు. ఆయన రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ కదిపి, "చూడు, ఎంత ఆడుతుందో. ఇది గిట్ల ఆడొద్దు. పిన్ను అరిగింది" అన్నారు. నేను పాఠం వింటున్నట్టు తల ఊపాను. నా నూలు చీరలు తుడుపు గుడ్డలయ్యాయి. నా స్టీలు బేసిన్ కిరసనాయిలు పాలైంది. మామూలు రోజుల్లో అయితే ఇంటి కప్పు ఎగిరేలా అరిచేదాన్ని. ఆ రోజుల్లో ఇంకో బేసిన్ కావాలా అని నేనే అడిగాను.

పిన్ను చేయించడానికి ఖమ్మం వెళ్లాలన్నారు. ఆయన్ని ఒంటరిగా బస్సెక్కించే ధైర్యం లేక నేనూ వెళ్లాను. లేత్ మేస్త్రి ముసలాయన. కొత్త పిన్ను, కొత్త రోలర్లు వేసి, చక్రాలు వంకర లేకుండా తిరిగేదాకా రాగి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ కూర్చున్నాడు. చివరికి దాన్ని నూనెలో ముంచిన గుడ్డలో చుట్టి, గోనెలో కట్టి, నా చేతికే ఇచ్చాడు.

"పసిపిల్ల లెక్క చూసుకో తల్లీ. నూనె ఆరనియ్యకు. జల్దీ ఎక్కియ్యుండ్రి" అన్నాడు.

జల్దీ ఎక్కిద్దామంటే మర్నాడే ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు నాగలి, కత్తి, పలుగు, పానా అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి అమ్మవారి ముందు పేరుస్తాం. దసరా నాడు పాలపిట్టను చూసి, జమ్మి ఆకు ఇంటికి వచ్చాకే మళ్లీ ముట్టుకోవాలి. ఈయన చాలా రోజులకు చేను చూసొస్తానని పొద్దున్నే వెళ్లారు. నేను పనిముట్లన్నీ పేర్చి, క్రాంకు వైపు చూశాను. మా ఇంటిని నిలబెట్టే ఇనుము అదే కదా, దానికి పూజ లేకపోతే ఎట్లా అనుకున్నాను.

గోనె విప్పాను. జిడ్డోడే గుడ్డతో అమ్మవారి ముందు ఎట్లా పెడతాం? కుంకుడు రసంతో ఆ జిడ్డంతా వదిలేదాకా తోమాను. చక్రాలకు పసుపు రాసి, నడుమ బొట్టు పెట్టాను. కొబ్బరికాయ కొట్టి, నీళ్లు ముందు దాని మీదే పోశాను. ఆ ధార రోలర్ల మధ్యకు దిగింది. లోపలిదాకా వెళ్తే ఇంకా మంచిదే అనుకున్నాను. "తల్లీ, ఇది తిరిగితే ఆయన బతుకుతాడు, తిరిగేలా చూడు" అని మొక్కుకున్నాను. తర్వాత పైపైన తుడిచి, ఉతికిన గుడ్డలో చుట్టి మళ్లీ గోనెలో పెట్టాను.

ఇంజనులో వేయాల్సిన కొత్త పిస్టన్ రింగులు బెజవాడ నుంచి రావడానికి ఇరవై రోజులు పట్టింది. అవి వచ్చాక ఆయన మూట విప్పి, చక్రాల మీద బొట్టు చూసి నవ్వారు. ఎన్ని నెలలకు చూశానో ఆ నవ్వు! రాడ్డు తిప్పి, "కొంచెం బిగుతుగా ఉంది. కొత్తది గదా, నడిస్తే సర్దుకుంటది" అని నూనె పోసి బిగించారు.

వారం రోజులు బండి తిరిగింది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని సత్తుపల్లి తీసుకెళ్లారు. దారి పొడుగునా గాలిలో గట్టిగా అరుస్తూ ఏదో చెప్తూనే ఉన్నారు, నాకు సగం వినపడలేదు. మరుసటి వారం ఇద్దరం పాల్వంచ వైపు వెళ్తుంటే అడవి రోడ్డు మీద, చుట్టూ చెట్లు తప్ప ఏమీ లేని చోట, మళ్లీ సుత్తి చప్పుడు మొదలైంది. కాసేపటికి ఇంజను బిగుసుకుపోయింది. పక్క గూడెం వాళ్లు ఎడ్లబండి తెచ్చి ఎక్కించారు. వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. ఒక పెద్దాయన ఈయన ముఖం చూసి, నీళ్ల చెంబు తెచ్చి నా చేతికిచ్చాడు, ఈయనకు తాగించమని సైగ చేశాడు.

ఇంటికొచ్చి ఇంజను విప్పితే రోలర్లన్నీ ఎర్రగా, గుంటలు గుంటలుగా ఉన్నాయి. మేస్త్రిని తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"ఆయన తప్పేంలేదు. నా చేయి పడ్డదేదైనా గింతే. పత్తి గంతే, నాయన గంతే, ఇదీ గంతే" అని చేతులు కూడా కడుక్కోకుండా వెళ్లి పడుకున్నారు. గోడ వైపే.

నేను ఆ రోలర్ల దగ్గర కూలబడ్డాను. కొబ్బరి కోరే కత్తిపీట తుడవకుండా పెడితే తెల్లారేసరికి ఎర్రబడుతుందని నాకు తెలియదా? పెళ్లయినప్పటి నుంచీ తుడిచి పెడుతున్నదాన్నే కదా! ఆ జ్ఞానం పొయ్యి దగ్గరే ఉండిపోయింది, దేవుడి గదిలోకి రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా రెండు రోజులు చెప్పలేకపోయాను. మూడో రోజు ఆయన మంచినీళ్లు కూడా వద్దన్నారు. అప్పుడు మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను.

ఆయన నమ్మలేదు. "నన్ను లేపనీకి కథలు చెప్పకు" అన్నారు, ఇటు తిరగకుండానే.

ఎంత ఏడ్చినా, ఒట్టు పెట్టినా అదే మాట. తప్పు చేసినదాన్ని, ఒప్పుకున్నాను, ఇంకేం చేయాలి? చివరికి ఖమ్మంలో మార్చినప్పుడు తెచ్చి డబ్బాలో దాచిన పాత రోలర్లలో నున్నగా మెరుస్తున్నదొకటి తీశాను. ఆయన భుజం పట్టి ఇటు తిప్పి, ఆయన చూస్తుండగా కుంకుడు రసంతో తోమి, కాయ కొట్టి నీళ్లు పోసి, గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టాను. "నాలుగు రోజులాగి విప్పుదాం. తుప్పు పడితే నాది తప్పు" అన్నాను.

ఆ నాలుగు రోజులూ నేను నిద్రపోలేదు. ఒకవేళ తుప్పు పట్టకపోతే? ఇంట్లో ఇనుము తుప్పు పట్టాలని దేవుడికి మొక్కుకున్న ఇల్లాలిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నాలుగో రోజు మూట విప్పి ఆయన చేతిలో పెట్టాను. రోలరు ఎర్రబడి ఉంది. ఆయన లేచి కూర్చున్నారు. తర్వాత గడప దగ్గరికి వెళ్లి, వెలుతురులో గోటితో గీకి చూశారు.

"కుంకుడు రసంతోని కడిగినవా?"

"అవును."

"ఎంతసేపు?"

"జిడ్డు పోయేదాకా."

"నీళ్లెన్ని పోసినవ్?"

"కాయంతా."

అప్పుడు మొదలుపెట్టారు. "బుద్ధుందా నీకు? మెదడేడ పెట్టినవ్? నూనె ఆరనియ్యకని ఆ ముసలాయన నీకే గదా చెప్పింది! నాది తప్పనుకొని చస్తున్న గదనే ఇన్ని రోజులు!" నన్నూ, నన్ను కన్నవాళ్లనూ, నా పూజలనూ, నా కుంకుడు కాయలనూ ఒక్కటి వదలకుండా తిట్టారు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి, ముఖం ఎర్రబడింది. నేను గడప మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. పక్కింటావిడ పరుగున వచ్చి, "ఏందయ్యా, ఆడమనిషి మీద గట్లనా!" అంటూ అడ్డం పోబోయింది.

నేను ఆమె చేయి పట్టి ఆపాను. "మీరు ఊరుకోండి అక్కా," అన్నాను, "తిట్టనీయండి."