గట్టు మీంచి చూసిన బొమ్మ

మొన్న మా మేనకోడలు ఏదో నగరంలో గోడల మీద వేసిన బొమ్మలు ఫోనులో ఒక్కొక్కటీ జరుపుతూ, వీటిలో మన సంచులకి ఏది బాగుంటుంది అత్తా అని అడిగింది. నాలుగు బొమ్మలు చూశానో లేదో, ఇక కుర్చీలో కూర్చోలేక లేచి వరండాలోకి వెళ్లిపోయాను. ఈ కుదురులేనితనం నాకు కొత్త కాదు. కుట్టుపని నేర్చుకుని, రాజోలులో చిన్న గది తీసుకుని సంచులు తయారుచేయడం మొదలుపెట్టిన రోజుల్లోనూ ఇంతే, మిషను ముందు అరగంట కూర్చుంటే కాళ్లు లాగేవి. లేచి సెంటరు దాకా నడిచి, ఎరువుల ప్రకటనలూ, చర్చి గోడ మీద రాసిన వాక్యాలూ, ఎన్నికలు అయిపోయి సగం వెలిసిన గుర్తులూ చూసుకుంటూ తిరిగొస్తే తప్ప చెయ్యి ఆడేది కాదు. ఆ రంగుల్లోంచే నా సంచులకి అంచులూ జేబులూ పుట్టేవి. మన వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో గోడ ఖాళీగా కనిపిస్తే ఎవరో ఒకరు దాని మీద ఏదో ఒకటి రాయించి తీరేవారు.

ఆ రాతలన్నీ చాలావరకు ఒక్కరివే, మా పేటకి దగ్గరలో ఉండే పెయింటరు బాబాయివి. ఒక వేసవిలో, పని దొరకని రోజుల్లో, ఆయన కాలవ పక్కనున్న కొబ్బరికాయల గోడౌను గోడ మీద, ఎవరూ అడక్కుండానే, నాట్లు వేస్తున్న ఆడవాళ్లని వేశారు. ఆరుగురు, చీరలు ఎగదోపుకుని, వరసగా వంగి, చుట్టూ కళ్లు చెదిరే పచ్చదనంతో. ఆటోల వాళ్లు ఆపి మరీ చూసేవారు. నేనైతే రోజూ వెళ్లి నిలబడేదాన్ని. చివరికి ఉండబట్టలేక ఆయన్నే అడిగి, ఆ బొమ్మని పాత ఎక్స్‌రే ఫిల్ము మీద కత్తిరింపించుకుని, దాన్ని గుడ్డ మీద పరిచి స్పాంజితో రంగు అద్ది, కొన్ని సంచులు కుట్టాను. అమలాపురంలో నా సంచులు అమ్మే దుకాణం ఆయన వాటిని చూసి, క్రిస్మసుకి ఎన్ని కుట్టగలిగితే అన్ని తెమ్మన్నారు. నా పనిని ఒకరు అలా కోరి అడగడం అదే మొదలు. తిరుగు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేక నిలబడే వచ్చాను.

ఇంటికి రాగానే ఒక సంచి తీసి అమ్మ ఒళ్లో పెట్టాను. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్లేది. నన్ను చదివించిందీ, కుట్టుపని నేర్పించిందీ ఆ కూలితోనే. నడుం పట్టేసి పొలం పని మానేశాక, నేను కుట్టిన సంచులకి వేలాడే దారాలు తుంచి పెడుతూ కూర్చునేది. ఆవేళ సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వీళ్లకి మొహాలేవే?" అంది.

వంగి ఉన్నారు కదా, మొహాలెలా కనిపిస్తాయి అన్నాను.

"ముప్పయ్యేళ్లు వంగేను. నా వీపు ఎలాగుంటాదో నేనెప్పుడూ చూళ్లేదు. ఇప్పుడు నువ్వు దాన్ని తీసుకెళ్లి ఊళ్లోవాళ్ల భుజాలకి తగిలిస్తావా?"

నాకు కోపం వచ్చింది. అందరికీ నచ్చినది నీకే ఎందుకు నచ్చదని గట్టిగానే అనేసి, చెప్పులేసుకుని బయటపడ్డాను. ఎటు నడిచానో నాకే తెలియలేదుగానీ, తేలింది మాత్రం ఆ గోడ ముందే. అక్కడే అటూ ఇటూ తిరిగాను. అన్నాళ్లుగా చూస్తున్న బొమ్మ. చీరల మడతలు తెలుసు, బురద రంగు తెలుసు, ఆ మనుషులకి ముక్కూ చెవీ ఉంటాయన్న సంగతే నాకు తోచలేదు. వాళ్లలో ఒకరు మా అమ్మ అయి ఉండవచ్చునని కూడా, ఆ సంచి ఆమె ఒళ్లో పెట్టేవరకూ, నా బుర్రకి తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ చీర మార్చుకుని పద అంది. ఆటోలో వెళ్లాం. పెయింటరు బాబాయి ఆ పక్కనే నిచ్చెన మీద నిలబడి ఒక కొట్టుకి పేరు రాస్తున్నారు. అమ్మ గోడని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి ఆయన్ని పిలిచింది.

"ఏమండి మరిదిగారూ, మీరెప్పుడైనా మడిలోకి దిగేరా?"

"లేదండి వదినగారూ. గట్టు మీంచే చూసేనండి."

"అదీ సంగతి. మడిలోంచి చూస్తే మొహాలే కనిపిస్తాయండి. నాటినంతసేపూ పక్కదాని మొహం చూసి నవ్వుకుంటానే ఉంటాం. లేకపోతే పొద్దు గడుస్తాదా?"

"ఆయ్, నిజవేనండి," అన్నారాయన. నిచ్చెన దిగి వచ్చి, తన బొమ్మని తనే కొత్తగా చూస్తున్నట్టు నిలబడిపోయారు.

ఆ వారమంతా, అమ్మతో నాట్లకి వెళ్లిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు గోడ దగ్గరికి వచ్చి, చుట్ట ఎవరి నోట్లో ఉండేదో, తలగుడ్డ ఎవరు ఎలా చుట్టేవారో, నవ్వితే ఎవరి పన్ను బయటపడేదో చెప్పి, చెప్పినదాని మీద పోట్లాడుకుని, ఆయన చేత చెరిపించి మళ్లీ వేయించారు. బొమ్మలో నడుం మీద చెయ్యి వేసుకుని, లేచి నిలబడి రోడ్డువైపు చూస్తున్నది మా అమ్మ. ఆ ముక్కు తనది కాదని చివరిదాకా సణుగుతూనే ఉంది.

దుకాణం ఆయనకి కొత్త బొమ్మ నచ్చలేదు. పాతదే ఇమ్మన్నారు. ఇవ్వనన్నాను, ధైర్యం ఉండి కాదు, ఇచ్చి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చోలేనని భయపడి. ఆ క్రిస్మసు పని చేజారిపోయింది. పాత సంచుల కుట్లు విప్పి, బొమ్మ లోపలికి పోయేలా గుడ్డ తిరగేసి మళ్లీ కుట్టాను. కొత్త బొమ్మతో కుట్టినవి పేటలో ఆడవాళ్లే తీసుకుని, పండగ ఆరాధనకి బైబిలూ పాటల పుస్తకమూ వాటిలో పెట్టుకుని వచ్చారు. అమ్మ తన సంచిని బొమ్మ బయటికి కనిపించేలా ఒళ్లో పెట్టుకుని, నేను చూస్తున్నానని తెలిసీ తెలియనట్టే, ప్రసంగం అయినంతసేపూ ముందుకే చూస్తూ కూర్చుంది.

ఆ గోడౌను పడగొట్టి షాపులు కట్టారు. పెయింటరు బాబాయి లేరు, అమ్మా లేదు. ఉప్పలగుప్తం వైపు వెళ్తే వరి మళ్లు ఉన్నచోట రొయ్యల చెరువులు. మన పిల్లలకి ఎవరికీ బురదలో దిగే అవసరం లేకపోయింది, అందుకు సంతోషమే. దిగినవాళ్ల గురించి మాట్లాడుకోవడం మాత్రం మనమూ మానేశాం. ఇప్పటికీ ఒక సంచి పూర్తయితే ఎవరికో చూపించాలనిపించి ఇల్లంతా తిరుగుతాను. చూసినవాళ్లందరూ బాగుందంటారు. కోప్పడేవాళ్లు లేకపోవడం ఇంత వెలితిగా ఉంటుందని అప్పట్లో నాకు తెలియదు.