వెయ్యి మంది బావలు

నా చేతిరాత కోడి గెలికినట్ట ఉంటాది, తప్పులుంటే మన్నించి మీరే సరిచేసుకొని చదవండి. ఊరి బడిలో నేర్చిన నాలుగు అక్షరాలే నావి. మా అక్క మొగుడు, మా బావ, పోయిన నెల పోయినాడు. మేకల్ని దొడ్లోకి తోలి, గడప మీద కూర్చొని నీళ్లు అడిగినాడంట. అక్క చెంబు తెచ్చేలోగా తల వాల్చేసినాడు. అంతే.

నాకు మాటలు తక్కువ. అంగట్లో నాకేం కావాలో కూడా బావే అడిగి ఇప్పించేవాడు. టీ అంగడి ముందర కొత్త సినిమా సంగతి వస్తే అందరూ ఆయన్నే అడిగేవాళ్లు. "కథ పాతదేనంట కదప్పా?" అంటే, "సంగటీ పాతదే, రోజూ తింటా లేవా?" అనేవాడు. ఏ సినిమా అయినా బాగాలేదని ఆయన నోట నేను వినలేదు. "అంత మంది కష్టపడినారప్పా" అనేవాడు.

పోయినేడు కుందారపల్లి అవతల గుట్టల్లోకి షూటింగోళ్లు వచ్చి కూలికి మనుషుల్ని పిలిస్తే బావ పోయినాడు. గుడారంలో చుట్టూ కెమెరాలు, నడిమిన ఈయన ఒక్కడే. పరుగెత్తు, పడు, లెయ్ అన్నారంట. ఇంటికొచ్చి అక్కతో చెప్పినాడు. "నన్ను కంప్యూటర్లో వెయ్యి మందిని చేస్తారంట మే."

"ఒక్కణ్ణి సాకలేకనే చస్తా ఉండాను. వెయ్యి మందికి సంగటి ఎవరు కెలికేది?" అనింది అక్క.

సినిమా వచ్చేటప్పటికి బావ లేడు. కర్మ కాకముందు సినిమాకు పోకూడదు. మా కడ పోయినోళ్ల ఫోటో కూడా అంతవరకు పెట్టము. ముఖం చూపిస్తే, పోయేవాడు వెనక్కి తిరిగి చూసి ఈడనే నిలిచిపోతాడంటారు. అక్క వినలేదు. "సినిమా తీసేస్తే మళ్లీ యాడ చూసేది?" అనింది. హోసూరుకు మ్యాట్నీకి పిలుచుకొని పోయినాను.

కథ మీకు తెలిసిందే. చెడ్డ రాజు, మంచి కొడుకు, పగ. యుద్ధమొచ్చింది. కొండ మీద నుంచి సైన్యం దిగింది. అందరికీ గడ్డాలు, ఇనుప టోపీలు. బావ యాడుండాడో తెలియలేదు. అప్పుడు అక్క నా మోచెయ్యి పట్టుకునింది. బావ పరుగెత్తితే ఎడమ చేత్తో పంచె అంచు ఎత్తి పట్టుకుంటాడు. ఆ సైనికులకు పంచెలు లేవు. అయినా వెయ్యి మందీ ఎడమ చెయ్యి తొడ దగ్గర పెట్టి, లేని పంచెను ఎత్తి పట్టుకొని మా మీదికి పరుగెత్తి వస్తా ఉండారు.

వెనక సీట్లో నవ్వినారు. "ఏంరా ఇది, సైన్యానికంతా తొడ పట్టేసిందా?"

బాణాలు పడినాయి. బావ పడినాడు. ఆ పక్కన ఇంకో బావ పడినాడు. ఎవరు పడినా అక్క నెమ్మదిగా "అయ్యో" అంటానే ఉండింది.

ఆట వదిలినాక జనం మెట్ల మీద మాట్లాడుకుంటా దిగినారు.

"గ్రాఫిక్స్ మాత్రం ఇంగ్లీషు సినిమా మాదిరి ఉందప్పా."

"కథ యాడుంది? మా అవ్వ చెప్పిన కథే."

"ఆ సైన్యంలో ఒక్కడూ నిజం మనిషి లేడు. అంతా కంప్యూటరే."

అక్క ఆగి ఆ మాటన్నాయన పక్క చూసింది. "ఉండాడప్పా. ఒకడుండాడు" అనింది. ఆయనకేం అర్థం కాలేదు. "సరేమ్మా" అని బండి తీసుకొని పోయినాడు.

ఆ సినిమా కడాన, చచ్చిన సైనికులంతా లేచి పొగలో కొండెక్కి పోతారు. అందరికంటే వెనకున్నాయన ఒక్కడు నిలబడతాడు. బస్సులో అక్క అడిగింది. "వెనక్కి తిరిగి చూసినాడారా? నేను కండ్లు మూసుకున్నాను." నేను ఆ నిమిషంలో అక్క ముఖమే చూస్తా ఉండినాను. తెలియదన్నాను.

కర్మ అయిపోయింది. ఇంట్లో ఆయన పేరున కర్మ దాకా అని పెట్టిన దీపాన్ని అక్క ఇంకా తీయనీదు. "తిరిగి చూసుంటే ఈడనే ఉంటాడు కదరా, చీకట్లో ఎట్ల పెట్టేది?" అంటాది. చూడకుండా పోయుంటే తీసేస్తానంటాది. నిద్ర పోదు, తిండి సరిగా తినదు. హోసూరులో, కృష్ణగిరిలో సినిమా తీసేసినారు.

మీ ఊళ్లో ఇంకా ఆడతా ఉంటే, కడదాకా చూసి ఆ ఒక్క సంగతి నాకు రాయండి. ఏదైనా సరే, నిజమే రాయండి. నేనిది రాస్తా ఉంటే అక్క నూనె పోస్తా ఉంది. గాలి లేదు. అయినా దీపం వాకిలి పక్కకే వంగి ఉంది. తొందరగా రాయండి.